మైసమ్మ కాదన్న కొడుకు

మా మెడికల్ కాలేజీ పాత విద్యార్థుల సంఘం సావనీరు వేస్తున్నదట. "మీ కాలపు గొప్ప ప్రొఫెసర్ల గురించి నాలుగు పేజీలు రాసివ్వండి సార్" అని ఫోను మీద ఫోను. ప్రొఫెసర్ల గురించి రాయడానికి బోలెడంత మంది ఉన్నారు. వాళ్ల ఫొటోలు గోడల మీద ఉన్నాయి, పేర్లు హాళ్లకు పెట్టారు. నేను రాయను పొమ్మన్నాను. రాస్తే మైసమ్మ గురించే రాస్తాను, వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చింపి పారేయండి అన్నాను.

మైసమ్మ ఎవరని అడిగాడు ఆ కుర్ర డాక్టరు. ఇరవై నాలుగేళ్లు మా దవాఖానలో మగవాళ్ల సర్జరీ వార్డు ఊడ్చిన మనిషి అని చెప్పాను. ఓహో అంతేనా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంతే కాదు నాయనా, ఇంకా ఉన్నది. దవాఖాన పేరు మాత్రం రాయను. పట్నంలో డాక్టరు చదువు చెప్పే సర్కారు దవాఖాన అనుకుంటే చాలు.

మైసమ్మది ఎదుళ్లకుంట. ఆలేరు స్టేషన్లో దిగి రెండు కోసులు నడవాలి. కురుమవాళ్లు. మొగుడు మల్లయ్య మంద వెంట పోయి పాము కరిచి చచ్చిపోతే, ఒక్కగానొక్క కొడుకును, ముప్పై గొర్రెలను పెట్టుకొని బతుకు ఈడ్చింది. కొడుకు పేరు బీరన్న. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో, గొర్రెలను తల్లికి వదిలేసి సంఘంలో కలిశాడు. ఆ రోజుల్లో మా నల్లగొండ జిల్లాలో సంఘమంటే, గడీలో వెట్టి చెయ్యం, పండించిన గింజ తెచ్చి దొర గుమ్మిలో పొయ్యం అని ఎదురు తిరిగిన జనం. మా నాయన పక్క ఊరికి పోలీసు పటేలు, సర్కారు తరఫున ఊరి పెత్తనం ఆయనది. సంఘపోళ్లకు భయపడి నలభై ఏడులో ఇంటికి తాళం వేసి, మమ్మల్నందరినీ పట్నం పట్టుకొచ్చాడు. అంటే బీరన్న ఒక గట్టు మీద ఉంటే మేము ఇంకో గట్టు మీద ఉన్నాం. ఈ సంగతి దాచిపెట్టి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్ల పీడ విరగడైంది. మా ఇంట్లో ఆ రోజు పాయసం వండారు. ఎదుళ్లకుంట లాంటి ఊళ్లలో మాత్రం ఆ సంబరం నెల రోజులు కూడా నిలవలేదు. సంఘపోళ్లు తుపాకులు దించలేదు, వాళ్ల కోసం ఊళ్లలో మిలిటరీ క్యాంపులు దిగాయి. ఊరు దాటి పోవాలంటే క్యాంపులో చిట్టీ రాయించుకోవాలి. పట్టుబడ్డవాణ్నో, కాల్చి చంపినవాణ్నో చావడి ముందర పడేసి, ఊరందరినీ ఎండలో నిలబెట్టి, వీడు ఎవరి కొడుకు అని అడిగేవాళ్లు. సోమన్న అనే పిల్లవాడి శవాన్ని చూసి తల్లి గోవిందమ్మ ఆగలేక మీదపడి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆమె ఇల్లు తగలబడింది, ఆమెను క్యాంపుకు తీసుకుపోయారు.

దాంతో ఊరు ఒక కట్టుబాటు చేసుకుంది. ఎవరిని చూపించినా ఎవరూ గుర్తుపట్టగూడదు, కన్నతల్లి అయినా సరే. ఆడవాళ్లు బావికాడ నీళ్లు చేదుకుంటూ ఒకరికొకరు దాన్ని నేర్పుకున్నారట. తర్వాతి కాలంలో మైసమ్మే నాకు చెప్పింది.

"నీ కొడుకును దెచ్చి ముంగట పడేస్తే ఏమంటవే మైసమ్మా అని అడుగుదురు పటేలా. ఎవలో పోరడు, మా ఊరోడు గాదంట అందును. కండ్లల్ల నీళ్లొస్తే ఎట్ల అందురు. పొగ తగిలిందంట అందును. నువ్వే గట్టిదానివే అని అందరు మెచ్చుకుందురు."

ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచింది.

నలభై తొమ్మిది ఎండాకాలంలో బీరన్నకు తొడలో గుండు దిగింది. గుట్టల్లో నాలుగు రోజులు పడి ఉన్నాక దొరికాడు. వాడి దగ్గర ఇంకా రాబట్టవలసిన పేర్లు ఉన్నాయి కాబట్టి చావనివ్వకుండా మా దవాఖానకు పంపారు. అప్పట్లో జిల్లా దవాఖానలంటే నాలుగు మంచాలు, ఒక కంపౌండరు. కాలు విరిగినా కడుపు పగిలినా నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి అందరూ మా దగ్గరకే రావాలి. ఆలంపూర్ దిక్కు నుంచి మూడేసి రోజులు ప్రయాణం చేసి వచ్చేవాళ్లు. మేము పైసా తీసుకోం. బదులుగా వాళ్ల ఒంటి మీద చదువు నేర్చుకుంటాం. ఒక్కొక్క మంచం చుట్టూ పది మందిమి మూగి, నొక్కి చూసి, తట్టి చూసి, పుండు విప్పి చూసి డాక్టర్లమవుతాం. ఎవరూ లేనివాడు చచ్చిపోతే ఆ శవం కూడా మాకే. వారసులు లేని శవం అని రూలు పుస్తకంలో దానికో మాట ఉండేది.

రైల్లో ఎక్కిస్తుండగా ఆలేరు స్టేషన్లో ఊరివాడొకడు బీరన్నను చూశాడు. సంగతి తెలిసిన మైసమ్మ, చెల్లెలికి పురుడని క్యాంపులో అబద్ధం చెప్పి చిట్టీ సంపాదించి పట్నం వచ్చింది. జీవితంలో అదే మొదటిసారి రైలెక్కడం. దవాఖానలో ఎవరినీ ఏమీ అడగడానికి ధైర్యం చాలక వరండాలో ఒక పూటంతా కూర్చున్నది. ఆమె కట్టూ బొట్టూ చూసి, నల్లగొండ మనిషని లీలమ్మ సిస్టర్ గుర్తుపట్టింది.

లీలమ్మ సిస్టర్ పాలమూరు వైపు క్రైస్తవుల బిడ్డ. మిషన్ వాళ్ల దగ్గర నర్సు పని నేర్చుకొని మా దవాఖానలో చేరింది. బీరన్న ఆమె వార్డులోనే ఉన్నాడు. చేతికి గొలుసు వేసి మంచానికి కట్టారు, పక్కన స్టూలు మీద పోలీసు. కాలు నల్లబడిపోయింది, జ్వరం తగ్గడం లేదు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. జ్వరం ఎక్కువైనప్పుడు మాత్రం అమ్మా అని పిలిచేవాడట. మనిషి దక్కడని లీలమ్మకు అర్థమైంది, వరండాలో కూర్చున్నామె నల్లగొండ గుట్టల్లో దొరికిన ఈ పిల్లవాడి తల్లే అయి ఉంటుందనీ తట్టింది. చివరిచూపన్నా చూడనిద్దామని, మంచి మనసుతోనే, మైసమ్మను వార్డులోకి తీసుకుపోయింది. పోలీసును కూడా ఆమే బతిమాలింది.

కాని మైసమ్మకు అక్కడ కనిపించింది మంచి మనసు కాదు, చావడి. అదే పోలీసు, అట్లాగే ముందర పడి ఉన్న మనిషి, అదే ప్రశ్న.

"నీ కొడుకేనా?" అన్నాడు పోలీసు.

"కాదు. ఎవలో పోరడు. మా ఊరోడు గాదు" అన్నది మైసమ్మ.

"నువ్వు చెప్పురా. ఈమె ఎవరు?"

"ఎవలో ముసల్ది. నాకు తెల్వది" అన్నాడు బీరన్న.

ముసల్ది అన్నాడే గాని, ఆమెకు అప్పుడు నలభై ఏళ్లు కూడా లేవు. పోలీసు ఒక కాగితం తీసి, ఈ మనిషి నాకేమీ కాడు అని రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. లీలమ్మ ఆమెను పక్కకు తీసుకుపోయి, అమ్మా, ఇందులో మోసమేమీ లేదు, పిల్లవాడి పరిస్థితి బాగలేదు, నీ వాడైతే చెప్పు అన్నది. మైసమ్మ నమ్మలేదు. ఊళ్లో కూడా క్యాంపువాళ్లు ముందు ఒక మెత్తని మనిషిని పంపి అట్లాగే అడిగించేవాళ్లు మరి. అదే పూట రైలెక్కింది.

ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆమె ఏడ్చేది కాదు. "నేను కాదనంగనే వాని మొఖం తేటగైంది పటేలా. మా అమ్మ మంచిగ చెప్పింది అన్నట్టు జూసిండు. నేను గూడ సంబురపడ్డ." అనేది.

మూడో రోజు బీరన్న చనిపోయాడు.

మైసమ్మకు ఇంకో చిట్టీ దొరకడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా వాణ్ని ఎట్లా తప్పించాలా అని ఊళ్లో ఆలోచనలు సాగాయట. అప్పటికే మనిషే లేడని వాళ్లకు తెలియదు. మళ్లీ వచ్చేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. లీలమ్మ ఆమెను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. అప్పుడు మైసమ్మ పోయి ఆఫీసు ముందు కూర్చొని, వాడు నా కొడుకే, నా బిడ్డను నాకియ్యండి, ఊరికి కొంచబోయి వాళ్ల నాయిన పక్కన పెట్టుకుంటా అని మొత్తుకున్నది. గుమాస్తా మంచివాడే. రిజిస్టరు తీసి, అందులో అంటించిన పోలీసు కాగితం మీది ఆమె వేలిముద్రే ఆమెకు చూపించాడు.

"నువ్వే కాదన్నవ్ గదమ్మా. ఇప్పుడు ఔనంటే నేనెట్ల రాయాలె? శవం గూడ ఈడ లేదు. సదువుకునే పిల్లలకు ఇచ్చేసిన్రు. ఆ బిల్డింగుల ఉంటది."

ఆ చదువుకునే పిల్లల్లో నేనొకణ్ని.

నేను ఆ ఏడే కాలేజీలో చేరాను. మొన్నటిదాకా ఉర్దూలో ఎముకల పేర్లు చెప్పిన సారే, రాజ్యం మారగానే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకూ తడబాటే, మాకూ తడబాటే. కోత గదిలో ఆరు రాతిబల్లలు. ఒక్కొక్క బల్లకు నలుగురు విద్యార్థులు, ఒక శవం. శవాలను మందులో ఊరబెట్టడం, బల్లల మీదికి ఎత్తడం, చివరికి మిగిలినది పోగుచేసి పూడ్చడం, ఇవన్నీ చేసేవాడు ఏసోబు అనే నౌకరు. మా బల్ల మీద ఉన్నవాడు మా అందరికంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు. మొదటి నెలలో చేతులు చేశాం. తర్వాత పొట్ట చేశాం. బొడ్డు పైన వరుసగా మూడు కాల్చిన మచ్చలు ఉండేవి. చంటిపిల్లలకు కడుపు ఉబ్బితే ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టడం మా ఊళ్ల వైద్యం. వీడు మా దిక్కువాడేనని నాకు అప్పుడే అనిపించింది. అనిపించి ఏం లాభం, కత్తి పట్టుకొని పని చేసుకుపోయాను.

పొట్ట పని పూర్తయిన మరునాడు పొద్దున, ఆ బిల్డింగు మెట్ల మీద మైసమ్మ కూర్చొని ఉన్నది. లోపలికి పోయే పిల్లలందరూ ఉర్దూలో, ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నేను ఏసోబును పిలిచి జర తలుపు తియ్యవే అన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె లేచి నా దగ్గరకు వచ్చింది.

"అయ్యా, నీదేవూరు?"

చెప్పాను.

"పోలీసు పటేలు కొడుకువా? నీ కాల్మొక్కుత పటేలా. నా కొడుకు లోపల ఉన్నడంట. పొట్ట మీద మూడు వాతలుంటయి, నేనే పెట్టిచ్చిన. జర జూసి చెప్పు. ఉంటే నన్ను పోనియ్యి, వాన్ని తీస్కపోత."

చూసి వస్తానని లోపలికి పోయాను. చూడవలసిందేమీ లేదు, నిన్న నా చేతులతో నేను చేసిందే బల్ల మీద ఉన్నది. దాన్ని ఆ తల్లికి ఎట్లా చూపించను? ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. ఇంకో కారణం కూడా ఉన్నది. పటేలు కొడుకు సంఘపోని శవాన్ని ఇప్పించాడని తెలిస్తే ఏమవుతుందో, మా నాయన ఏమంటాడో, పోలీసులు నన్నేమి అడుగుతారో. రెండింటిలో ఏది పెద్దదని నన్ను అడగొద్దు. భయం, అంతే. పద్దెనిమిదేళ్ల పిరికివెధవను.

బయటికి వచ్చి, "అట్లాంటోళ్లు ఎవరూ లేరు" అన్నాను.

ఏసోబు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి తల దించుకున్నాడు. పోయేకాలం వస్తే తప్ప నౌకరు పటేలు కొడుకు మాటకు అడ్డం చెప్పే రోజులు కావవి.

మైసమ్మ మొహంలోకి ఏదో వచ్చింది. అది దుఃఖమని నేననుకున్నాను, కాదు. "లేడా? మంచిగ జూసినవా? సచ్చినోళ్లల్ల లేడంటే బతికున్నట్టే గద పటేలా" అన్నది. నా చేతులు రెండూ పట్టుకొని కళ్లకు అద్దుకున్నది. ఆ చేతులనే.

చెబితే బాగుండేది. అప్పటికప్పుడు ఒక్క మాట చెబితే నేలబడి ఏడ్చేది, దక్కినంతవరకు మూటగట్టుకొని ఊరికి పోయేది, ఒక ఏడాదికో రెండేళ్లకో కుదుటపడేది. నేను లేడన్నందుకు ఆమె ఊరికి తిరిగి పోనే లేదు. లీలమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. "సిస్టరమ్మ ఎవలనో జూసి ఎవలనో అనుకున్నది. పటేలు కండ్లార జూసి జెప్పిండు" అనేది. పోలీసులు వాణ్ని చప్పుడు చేయకుండా జైలుకు మార్చి ఉంటారని, జైల్లోంచి వదిలితే వాడు ముందు దవాఖానకే వస్తాడని లెక్క వేసుకున్నది. తల్లిని వాడు ఆఖరుసారి చూసింది అక్కడే కదా. ఊళ్లో క్యాంపు ఉన్నది, ఊరికి ఎట్లా పోతాడు? అందుకని ఆమె దవాఖాన వదల్లేదు. వరండాలో పడుకున్నది, రోగుల దగ్గర మిగిలిన అన్నం తిన్నది. చూడలేక లీలమ్మే పెద్ద డాక్టరుతో చెప్పి వార్డు ఊడ్చే పని ఇప్పించింది. గొర్రెలు ఏమైనాయో ఆమె మళ్లీ అడగలేదు.

లీలమ్మకు నా సంగతి ఏసోబు చెప్పాడు. ఒకరోజు ఆమె నన్ను మెట్ల కింద ఆపింది. "ఏమయ్యా అమరేందర్, ఆ తల్లికి ఏం చెప్పినవ్? నేను చెప్తే ఇంటలేదు. నువ్వే తాళమేసినవ్, నువ్వే తియ్యాలె" అన్నది. చెప్తాను సిస్టర్ అన్నాను. పరీక్షలు కానియ్యి అనుకున్నాను. పరీక్షలయ్యాక సెలవులు. మరుసటి ఏడు లీలమ్మకు పాలమూరు బదిలీ అయింది. పోతూ పోతూ కూడా నన్ను అడిగింది. అప్పుడూ చెప్తాననే అన్నాను.

యాభై ఒకటి చివర్లో పోరాటం విరమించారు, ఆ తర్వాత ఖైదీలను విడిచిపెట్టడం మొదలైంది. మైసమ్మ పొద్దున్నే వార్డు ఊడ్చేసి జైలు గేటు దగ్గరకు పోయేది. ఒకరోజు నేను వెనకాలే పోయాను, ఈ రోజు చెప్పెయ్యాలని. బయటికి వచ్చే ప్రతి మనిషినీ ఆపి, ఎదుళ్లకుంట కురుమ బీరన్న లోపలున్నడా అని అడుగుతున్నది. ఒకతను ఆమె మీద జాలిపడి, వేరే జైళ్లలో కూడా మనవాళ్లు ఉన్నరమ్మా, వస్తడు, ఫికర్ జెయ్యకు అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేను అక్కణ్నుంచే వెనక్కి తిరిగాను. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది. నెల దాచిన మాటను చెప్పవచ్చు. పదేళ్లు దాచినదాన్ని ఏ మొహం పెట్టుకొని చెప్తారు?

నేను డాక్టరునయ్యాను, ఆ వార్డులోనే సర్జన్నయ్యాను. మైసమ్మ ఊడుస్తూనే ఉన్నది. ఇప్పుడు మా ప్రొఫెసర్ల గురించి గొప్పలు రాసేవాళ్లు ఒక సంగతి రాయరు. వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. రోగి కడుపుల గుంజుతాంది అంటే, జ్వరం తలకెక్కి పక్కబట్టలు తడుముతున్నవాణ్ని చూసి ఇంటివాళ్లు దేవులాడుకుంటున్నడు అంటే ఏమిటో తెలియదు. చీపురు పక్కన పెట్టి మైసమ్మ వచ్చి చెప్పేది. దేవరకొండ ముసలాయన ఒకడు, పోరగాళ్లు తనను ముట్టుకోవద్దని మంచం మీద అరిచి గోల చేశాడు. విద్యార్థులు బిత్తరపోయి నిలబడ్డారు. ఆమె పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నది.

"ముట్టనియ్యే పెద్దయ్యా. నీ పుండు సూస్తెనే గద ఆళ్లకు తెలిసేది. రేపు నీ మనుమనికి గిట్లనే అయితే ఈళ్లే గద బాగుజెయ్యాలె. అన్ని పుట్టంగనే నేర్సుకోని వస్తరా?"

ముసలాయన మెత్తబడ్డాడు. విద్యార్థులు వరసగా చేతులు పెట్టి చూశారు. నేను కిటికీ దగ్గరకు పోయి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆమె మాట్లాడిన ప్రతి మాటా నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది, ఆమెకు మాత్రం తెలియదు.

నల్లగొండ దిక్కు నుంచి ఎవరు వచ్చినా ఊరు అడిగేది, బీరన్న సంగతి అడిగేది. భయంతో ఎవరైనా తప్పుడు పేరు రాయిస్తే మాత్రం ఊరుకునేది కాదు. "ఉన్న పేరే రాపియ్యి బిడ్డా, ఉన్నోళ్లందరి పేర్లు రాపియ్యి. దవాఖానల ఎవ్వలు లేరని చెప్పొద్దు" అని వెంటబడి మార్పించేది. ఆ ఒక్క విషయంలోనే ఆమెకు కోపం వచ్చేది.

నాకు ఆమె మీద ఎంత అభిమానమో అంత చిరాకు ఉండేదంటే నమ్ముతారా? పొద్దున వార్డులోకి అడుగు పెట్టగానే, "దండం పటేలా" అని నవ్వేది. సంక్రాంతికో దసరాకో చీర ఇస్తే తీసుకునేది, నా పిల్లలను దీవించేది. నాకు ఒక పూట జ్వరమొస్తే వార్డు వార్డంతా చెప్పుకొని బాధపడేది. ఈమె ఎటైనా పోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె ఎటూ పోలేదు.

డెబ్బై నాలుగులో రిటైర్మెంటు వచ్చింది. పుట్టిన తేదీ తెలియదు కాబట్టి ఎవరో రాసిందే తేదీ. నౌకర్ల గదులు ఖాళీ చెయ్యాలి. ఎదుళ్లకుంటలో మరిది కొడుకులు రమ్మంటున్నారు, బాగానే చూసుకుంటారు. ఆమె మాత్రం కదలనన్నది. "నేను పోయినంక వాడొస్తే ఎవలనడగాలె?" అని కూర్చున్నది. మీ దిక్కు మనిషే కదా, మీరు చెప్తే వింటుంది అని సూపరింటెండెంటు నన్ను పంపాడు.

పొద్దున పది గంటలు. గది ముందు అరుగు మీద కూర్చొని ఉన్నది. నేను కింద మెట్టు మీద కూర్చున్నాను. పైన కూర్చో పటేలా అన్నది, వద్దన్నాను. ఇంకేమీ చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. ఆ రోజు లోపల ఉన్నది నీ కొడుకేనని, మా బల్ల మీదనే ఉన్నాడని, నేను చూశానని, లేడని అబద్ధమాడానని. వాణ్ని కోసిన నలుగురిలో నేనొకణ్నని కూడా చెప్పాను. ఆ ఏడాది చివర ఏసోబు మిగిలినదంతా ఒక్కచోట చేర్చి కాలేజీ వెనక జాగాలో పూడ్చాడు. మా బల్లదాన్ని వేరే వాటితో కలపలేదని ఏసోబు చనిపోయే ముందు నాతో చెప్పాడు. ఇప్పుడు అక్కడ నర్సుల క్వార్టర్లు కట్టారు. అదీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కోరుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"పొట్ట గూడ కోసిన్రా పటేలా?"

"కోసినం."

"కడుపుల ఏమన్న ఉండెనా? గుట్టలల్ల వానికి తిండి లేకుండె. ఈడికొచ్చినంక తిన్నడా?"

నేను పాతికేళ్లుగా వేల కడుపులు చూశాను. ఏ ఒక్కటీ గుర్తు లేదు, అదొక్కటి గుర్తుంది. మా సారు ఆ రోజు మిగిలిన బల్లల వాళ్లను కూడా మా బల్ల దగ్గరకు పిలిచాడు. ఇదిగో, ఇందులో ఏమీ లేదు, అందుకే లోపలి ముడతలు ఇంత స్పష్టంగా కనిపిస్తున్నాయి, మీ అదృష్టం, బాగా చూసి నేర్చుకోండి అన్నాడు. మేమందరం వంగి చూసి బొమ్మ గీసుకున్నాం.

"తిన్నడు మైసమ్మా" అన్నాను.

"ఏం తిన్నడు?"

"అన్నం."

"వరి బువ్వనా? జొన్న బువ్వనా?"

"వరి బువ్వనే."

ఆమె తల ఊపింది. ఎదుళ్లకుంటలో వరి అన్నం పండగనాడు కూడా అందరికీ దొరకని కాలం అది. గదిలోకి పోయి మూట కట్టుకున్నది. మూట ఎంతో లేదు. బస్టాండు దాకా నేనే తీసుకుపోయి ఆలేరు బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

ఆరేడు నెలలకు ఆమె మరిది కొడుకు వచ్చి, పెద్దమ్మ పోయిందని చెప్పాడు. ఊరికి పోయిన మరునాడే కొడుక్కు దినం చేసిందట, పాతికేళ్ల తర్వాత. ఊరందరికీ వరి అన్నం వండి పెట్టించిందట. తినడానికి వచ్చిన ప్రతి ఒక్కరితో ఒకటే మాట చెప్పిందట.

"మా బీరడు ఆకలితోని పోలేదు. డాక్టరు పటేలు కండ్లార జూసిండు."